ట్రిప్లెట్ ఫిల్‌లో కాలు వెనకబడుతోందా?

డ్రమ్స్ నేర్చుకుంటున్నవాళ్లకి ఓ చిట్కా. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్). ఒక్కో బీట్‌కి మూడేసి దెబ్బలతో, పాటలో ఒక భాగం నుంచి ఇంకో భాగానికి వెళ్లేటప్పుడు వాయించే ఈ ట్రిప్లెట్ ఫిల్‌లో చేతులు బాగానే పోతాయి, కాలే వెనకబడుతుంది. మెట్రోనోమ్‌ని (లయ తప్పకుండా క్లిక్ కొట్టే పరికరం) నిమిషానికి 60 క్లిక్‌లకి పెట్టి, నోటితో 'తకిట తకిట' అంటూ వాయించండి. 'త' క్లిక్ మీద పడాలి, 'ట'కి కిక్. మన తిశ్ర గతే కదా! మూడు దెబ్బలూ ఒకే బలంతో వినిపించేదాకా చేతులు ముందున్న స్నేర్ డ్రమ్ మీదే ఉండనివ్వండి, మిగతా డ్రమ్ములైన టామ్స్ జోలికి పోవద్దు.

అసలు చిక్కు ఫిల్ చివర్లో. ఆఖరి 'ట'కి కిక్, వెంటనే తర్వాతి ఒకటో బీట్‌లో క్రాష్ సింబల్ (పెద్ద ఇత్తడి పళ్లెం) దెబ్బతో పాటు మళ్లీ కిక్. వరసగా రెండు. అక్కడే కాలు తడబడుతుంది. అందుకే ఆఖరి తకిటనీ ఆ క్రాష్‌నీ మాత్రం విడిగా తీసుకుని తిప్పి తిప్పి వాయించండి. మొదటి కిక్ కొట్టాక బీటర్‌ని (పెడల్‌కుండే సుత్తిని) డ్రమ్ తోలుకి అదిమిపెట్టకుండా వెనక్కి రానివ్వండి, రెండోది దానంతటదే అందుతుంది. లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ ఇవే ట్రిప్లెట్లు దంచిన వేగం వింటే టెన్షన్ వస్తుంది గానీ, తొందరపడొద్దు.

మా విజయవాడ మొగల్రాజపురం అపార్ట్‌మెంట్లలో రాత్రిపూట కిట్ ముట్టుకుంటే కిందింటివాళ్లు ఊరుకోరు. తొడల మీద చేతులు, నేల మీద పాదం చాలు. బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు ఆగిపోయినప్పుడూ చేసుకోవచ్చు, పక్క సీటాయన ఓసారి అదోలా చూస్తాడంతే.