నేర్పేముందు ఏం వదిలెయ్యాలో తేల్చుకోండి: ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ చేసే తీరు

పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీ. గ్రేడింగ్ పనికి కొత్తగా ఒకమ్మాయి చేరింది. ఆమెకి పని నేర్పే పాఠం తయారుచెయ్యమని మీకు అప్పజెప్పారు. ఎక్కడ మొదలుపెడతారు? చాలామంది చెట్టు దగ్గర మొదలుపెడతారు. జీడిమామిడిని పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చారు, మన ఉద్దానంలో బాగా కాస్తుంది, పప్పులో పోషకాలు ఇవీ ఇవీ అంటూ నలభై స్లైడులు. అన్నీ నిజాలే. మర్నాడు ఆ అమ్మాయి బల్ల దగ్గర కూర్చుని, చేతిలో ఉన్న గుండుని, అంటే విరగని పప్పుని, 240 సైజులో వెయ్యాలో 320లో వెయ్యాలో తెలీక పక్కావిడ మొహం చూస్తుంది.

ఆ స్లైడుల్లో పనికొచ్చేవి రెండో మూడో ఉంచి మిగతావి తీసిపారేసి, ఖాళీ అయిన టైములో ఆమె చేత పప్పు ఏరించడమే ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్. నేను కాశీబుగ్గలో ఇంట్లో కూర్చుని హైదరాబాద్ కంపెనీలకి ఈ పనే చేస్తాను. బ్యాంకువాళ్లకి, మందుల కంపెనీల సేల్స్ వాళ్లకి ఆన్‌లైన్ పాఠాలు కడతాను. ఇక్కడ మాత్రం జీడిపప్పు ఉదాహరణే చెప్తాను. మా పెద్దమ్మ పనిచేసే చోట ఇలాంటి శిక్షణ ఒకటి తయారుచేసి ఇచ్చాను, ఈ పనిలో ఉన్న ముడులన్నీ అందులో ఉన్నాయి.

పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో. రెండో ప్రపంచ యుద్ధంలో లక్షల మంది సైనికులకి తక్కువ టైములో పని నేర్పాల్సివచ్చి అమెరికా సైన్యం మనస్తత్వ శాస్త్రవేత్తల్ని పిలిపించుకుంది. ఈ విద్య చాలావరకు అక్కడ మొలకెత్తింది. తర్వాత 1975లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు అదే సైన్యం కోసం ఒక పద్ధతి రాసిచ్చారు. విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం అని అయిదు దశలు. ఇంగ్లిషు పేర్ల మొదటి అక్షరాలు కలిపి యాడీ అంటారు. ఇంటర్వ్యూల్లో తప్పకుండా అడుగుతారు కాబట్టి గుర్తుపెట్టుకోండి. పనిలోకి దిగాక ఆ అయిదూ వరసగా రావు, ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటాం.

శిక్షణ అవసరమా, ముందది చూడండి

ఫ్యాక్టరీవాళ్లు నాతో చెప్పిన మాట ఇది: "తెల్ల పప్పులో మాడు పప్పు కలిపేస్తున్నారు. రంగు గుర్తుపట్టడం నేర్పండి." సరేనని వెంటనే పాఠం మొదలుపెట్టకూడదు. రాబర్ట్ మేగర్ అనే ఆయన ఇలాంటప్పుడు వేసుకోమన్న ప్రశ్న ఒకటుంది. ప్రాణం మీదికొస్తే ఈ మనిషి ఆ పని చెయ్యగలడా? చెయ్యగలిగితే అది రానితనం కాదు, ఇంకేదో అడ్డుపడుతోంది.

అందుకని కలిపేస్తున్నారన్న అమ్మాయిల్నే కిటికీ దగ్గర కూర్చోబెట్టి, పగటి వెలుతురులో అదే పప్పు ఏరమన్నాం. చకచకా ఏరేశారు. బల్లల మీద వేలాడుతున్నది పసుపు బల్బు. దాని కింద తెల్ల పప్పుకీ, కాస్త మాడి లేత గోధుమరంగు తిరిగిన పప్పుకీ తేడా నాకూ కనబడలేదు. అక్కడ కావలసింది తెల్ల లైటు, పాఠం కాదు. ఆ మాట చెప్తే కొంతమంది యజమానులకి నచ్చదు. శిక్షణ అయితే ఒకసారి డబ్బిచ్చి ఊరుకోవచ్చు, లైట్లంటే కరెంటు మేస్త్రిని పిలవాలి కదా! కూలి సంగతీ అంతే. కిలోకింత అని లెక్కకట్టి ఇస్తున్నప్పుడు నాణ్యత మీద ఎంత గొప్ప వీడియో చూపించినా చెయ్యి వేగానికే పోతుంది. ఇవన్నీ పక్కకి తీశాక మిగిలినదే మీ పాఠం. మా విషయంలో మిగిలింది ముఖ్యంగా సైజు గుర్తుపట్టడం.

కంటికి కనిపించే మాటల్లో రాయండి

"ఈ శిక్షణ ముగిసేసరికి గ్రేడింగ్ పట్ల అవగాహన పెంపొందుతుంది." ఇలాంటి వాక్యం మీ కాగితం మీద ఉంటే కొట్టెయ్యండి. అవగాహన పెంపొందిందో లేదో ఎవరు చూశారు? మేగర్ 1962లోనే చెప్పాడు. లక్ష్యంలో మూడు ఉండాలి: ఏం చేస్తారు, ఏ పరిస్థితిలో చేస్తారు, ఎంత బాగా చేస్తే చాలు.

మేం రాసుకున్నది ఇలా ఉంది: "కిలో కలగలుపు గుళ్లు ఇస్తే, తెల్ల లైటు కింద, తూకం సాయం లేకుండా 240, 320 రెండు కుప్పలుగా వేరుచెయ్యాలి." ఎంత బాగా అన్నదానికి కొలత ఆ నంబర్లలోనే ఉంది. 240 అంటే పౌనుకి 220 నుంచి 240 గుళ్లు తూగే సైజు, 320 అంటే 300 నుంచి 320. పౌను అంటే 454 గ్రాములు. కాబట్టి ఆమె వేరుచేసిన కుప్పలోంచి వంద గ్రాములు తూచి లెక్కపెడితే, 240 కుప్పలో ఇంచుమించు 49 నుంచి 53, 320 కుప్పలో 66 నుంచి 70 రావాలి. లెక్క ఒక్కటే చూస్తే మోసపోతాం. బాగా పెద్దవీ బాగా చిన్నవీ కలిసినా సగటు సరిగ్గా తేలుతుంది. అందుకని ఆ వంద గ్రాముల్లో పక్కవాటికంటే తేడాగా కొట్టొచ్చినట్టు కనిపించే గుళ్లు ఉండకూడదని ఇంకో షరతు చేర్చాం.

చూడండి, లక్ష్యం సరిగ్గా రాసేసరికి పరీక్ష కూడా తయారైపోయింది. పాఠంలో ఒక్క ముక్క రాయకముందే పరీక్ష చేతిలో ఉండాలి. ఇక ప్రతి స్లైడునీ, ప్రతి వాక్యాన్నీ పట్టుకుని ఈ పరీక్ష పాసవడానికి ఇది ఎక్కడ పనికొస్తుందని అడగండి. పోర్చుగీసువాళ్లు అక్కడే దిగిపోతారు.

ఇక్కడే బ్లూమ్ పేరు వినిపిస్తుంది. 1956లో బెంజమిన్ బ్లూమ్ బృందం జ్ఞానాన్ని ఆరు మెట్లుగా విడదీసింది. 2001లో సవరించాక అవి గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, మూల్యాంకనం చెయ్యడం, సృష్టించడం అయ్యాయి. ఆ చార్టు గోడకి తగిలించుకుని బరువైన క్రియాపదాలు ఏరుకునేవాళ్లని చాలామందిని చూశాను. నాకది ఒక్క పనికే అక్కరకొస్తుంది. పాఠం ఏ మెట్టు మీద ఉందో పరీక్ష కూడా ఆ మెట్టు మీదే ఉందా అని సరిచూసుకోవడానికి. చేత్తో ఏరడం నేర్పి, "240 గ్రేడు అనగానేమి?" అని ప్రశ్నపత్రం ఇస్తే ఏం లాభం?

పని వచ్చినవాళ్ల నోరు విప్పించడం

ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైనదీ, నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ ఇదే. పని బాగా వచ్చినవాళ్లకి అదెలా వచ్చిందో చెప్పడం రాదు. చేతికి అలవాటైపోయాక మెదడు దాన్ని గమనించడం మానేస్తుంది. మా పెద్దమ్మని "సైజు ఎలా చూస్తావు?" అనడిగితే, "ఏటి సెప్పమంటావే, సేత్తో పట్టుకుంటే తెలిసిపోద్ది గదా" అంది. అది పాఠంలో ఎలా పెడతాం?

కాబట్టి ఎలా చేస్తావని అడగకండి. చేస్తుండగా పక్కన కూర్చోండి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, చేతులు ఆడిస్తూ మనసులో అనుకునేది పైకి అనమని చెప్పండి. మొదట్లో సిగ్గుపడతారు, కాసేపటికి మిమ్మల్ని మర్చిపోతారు. అప్పుడు ఆవిడ ఎటో ఒకవైపు వేసేసిన గుండుని తీసి, దాన్ని పోలినదే ఇంకోటి పక్కన పెట్టి, "ఇదెందుకు అటు, అదెందుకు ఇటు?" అని అడగండి. దగ్గరదగ్గరగా ఉన్న జంటల మీద అడిగితేనే అసలు రహస్యాలు బయటపడతాయి.

పెద్దమ్మ దగ్గర అలా మూడు సంగతులు దొరికాయి. ఆవిడ పొడవు చూడదు, నడుం దగ్గర లావు చూస్తుంది. సన్నగా పొడుగ్గా ఉండే గుండు కొత్తవాళ్లని మోసం చేసేది అందుకే. రెండోది, పొద్దున్న పని మొదలుపెట్టేటప్పుడు రెండు గ్రేడులకీ సరిహద్దులో ఉండే గుండు ఒకటి ఏరి, ట్రే అంచున పెట్టుకుంటుంది. కాసేపు దానితో పోల్చి చూశాక కన్ను కుదురుకుంటుందట. మూడోది, అనుమానం వచ్చినదాన్ని అక్కడికక్కడ తేల్చదు. పక్కన చిన్న కుప్ప వేసి చివర్లో ఒకేసారి చూస్తుంది. ఎన్నో ఏళ్లుగా చేస్తున్నా, అడిగేదాకా ఈ మూడూ ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెప్పదగ్గ సంగతులని ఆవిడకి అనిపించనే లేదు.

ఇంకో ప్రశ్న కూడా తప్పకుండా అడగండి: "కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కడ తప్పు చేస్తారు?" తమ పనితనం గురించి అడిగితే మొహమాటపడేవాళ్లు పక్కవాళ్ల తప్పుల గురించి అడిగితే గుక్కతిప్పుకోకుండా చెప్తారు. ఆ జాబితాయే మీ అభ్యాసాలకి ముడిసరుకు.

వరస పెట్టడం

1988లో జాన్ స్వెల్లర్ అనే ఆయన ఒక సంగతి గట్టిగా చెప్పాడు. ఒకేసారి తలలో పట్టేది కొంచెమే. సైజు, రంగు, విరుపు మూడూ ఒకే పూట చెప్తే మూడూ రావు. అందుకని ముందు సైజు ఒక్కటే. అందులోనూ మొదటి అభ్యాసం 180కీ 450కీ మధ్య. అది చిన్నపిల్లలైనా వేరుచేస్తారు. అయినా దానివల్ల కన్ను దేన్ని చూడాలో తెలుస్తుంది. తర్వాత 240, 320. ఆ తర్వాత 210, 240, అక్కడే చెమట్లు పడతాయి. సన్నపొడుగు గుళ్లని కావాలనే కలిపి ఇవ్వాలి. సైజు కుదిరాక రంగు. బద్దలూ ముక్కలూ ఆ తర్వాత. చివర్లో అన్నీ కలిపిన ట్రే.

ప్రతి ట్రే అవగానే తప్పొప్పులు అక్కడే చెప్పాలి. సాయంత్రం చెప్తే ఏ గుండు గురించి చెప్తున్నారో ఎవరికి గుర్తు? మర్నాడు పొద్దున్న పని మొదలయ్యే ముందు ఒక చిన్న ట్రే, వారం పోయాక ఇంకోటి ఇవ్వండి. నేర్చుకున్నది మొదటి రోజుల్లోనే ఎంత వేగంగా జారిపోతుందో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లోనే తన మీద తనే ప్రయోగాలు చేసుకుని చూపించాడు.

గుర్తుపెట్టుకోనక్కర్లేనిదాన్ని గుర్తుపెట్టుకోమనకండి. గ్రేడు నంబర్ల పట్టిక ఎందుకు బట్టీ పట్టాలి? అసలు సైజులో ఫొటోలు ప్రింట్ తీసి, లామినేషన్ చేయించి బల్లకి అతికించాం. నిజమైన గుళ్లే అట్ట మీద అతికిద్దామని ఒకాయన అన్నాడు. పురుగు పడుతుందని పెద్దమ్మ అక్కడే కొట్టిపారేసింది.

పాఠం నడపడానికి రాబర్ట్ గాన్యే చెప్పిన తొమ్మిది మెట్లు కూడా మీకు తగులుతాయి. శ్రద్ధ రప్పించడంతో మొదలై, నేర్చినదాన్ని పనిలోకి తీసుకెళ్లడంతో ముగుస్తాయి. మంచివే. కానీ మూడు నిమిషాల వీడియోలో తొమ్మిదీ కుక్కడం పెళ్లి భోజనం టిఫిన్ డబ్బాలో సర్దడంలాంటిది.

తయారీ

సరంజామా గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. ఫోన్ చాలు. కెమెరా ఎదురుగా పెట్టకండి, చేసేవాళ్ల భుజం మీదనుంచి తియ్యండి. ఎదురుగా తీస్తే చూసేవాళ్లకి కుడి ఎడమలు తారుమారై పప్పు వేరే ట్రేలో పడుతుంది. బొమ్మ చూపిస్తూ నోటితో చెప్తున్నప్పుడు అదే వాక్యం స్క్రీన్ మీద కూడా రాయకండి. చూపు అక్షరాల మీదికి పోయి బొమ్మ తప్పిపోతుందని రిచర్డ్ మేయర్ ప్రయోగాల్లో తేలింది. మాట మామూలు తెలుగులో ఉండనివ్వండి, పని పేర్లు మాత్రం వాళ్లు అనుకునేవే వాడండి. "శ్రేణీకరణ" అంటే బల్ల దగ్గర ఎవరికీ తెలీదు, గ్రేడింగ్ అంటే అందరికీ తెలుసు.

అందరికీ చూపించే ముందు ఒకే ఒక్క కొత్త మనిషికి చూపించండి. పక్కనే కూర్చుని నోరు మూసుకోండి. ఆమె ఆగినచోట సాయం చెయ్యాలని నాలుక దురద పెడుతుంది, అయినా ఆగండి. ఎక్కడ ఆగిందో, ఎక్కడ వెనక్కి జరిపి మళ్లీ చూసిందో రాసుకోండి. మీరు దిద్దాల్సినవి అవే.

పనిచేసిందా లేదా

శిక్షణ పనిచేసిందో లేదో చూడడానికి డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో నాలుగు అంచెలు చెప్పాడు. నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో చేస్తున్నారా, సంస్థకి ఫలితం కనబడిందా. మన దగ్గర చాలా శిక్షణలు మొదటి అంచె దగ్గరే, "చాలా బాగుంది మేడమ్" దగ్గరే ఆగిపోతాయి. భోజనం బాగుంటే ఆ మార్కులు ఎప్పుడూ ఎక్కువే. మీరు మూడో అంచెకైనా వెళ్లండి. గ్రేడింగ్‌లో అది సులువు: సూపర్‌వైజర్ మళ్లీ ఏరమని వెనక్కి పంపే ట్రేలు తగ్గాయా? అయితే శిక్షణకి ముందు ఎన్ని వెనక్కొచ్చేవో రాసి ఉండాలి. మొదటి రోజే ఆ లెక్క అడిగి తీసుకోండి, తర్వాత అడిగితే ఎవరికీ గుర్తుండదు.

ఈ పనిలోకి రావాలంటే

టీచర్లు, కంటెంట్ రాసేవాళ్లు, కాల్ సెంటర్లో ట్రైనర్లుగా చేసినవాళ్లు ఇందులోకి ఎక్కువగా వస్తుంటారు. ఆర్టిక్యులేట్ స్టోరీలైన్ లాంటి, ఆన్‌లైన్ పాఠాలు కట్టే సాఫ్ట్‌వేర్ కంపెనీ కొనిస్తుంది. ఈలోగా పవర్‌పాయింట్, ఉచితంగా దొరికే మూడుల్, హెచ్5పీ చాలు. సర్టిఫికెట్‌కంటే ముందు ఒక్క నమూనా పాఠం చెయ్యండి. మన చుట్టూ సరుకుకి కొదవా? పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకే తీరు తీసుకోండి, డ్వాక్రా సంఘం పుస్తకాలు రాయడం తీసుకోండి, జూట్ మిల్లులో కొత్తగా చేరినవాళ్లు పాటించాల్సిన జాగ్రత్తలు తీసుకోండి. పాఠం అయిదు నిమిషాలు దాటనివ్వకండి.

దానితోపాటు ఒక పేజీ రాసి జతచెయ్యండి. ఎవరికి నేర్పుతున్నారు, వాళ్లకి ఇప్పటికే ఏం తెలుసు, చివర్లో ఏం చెయ్యగలగాలి, ఎలా పరీక్షించారు, ఏమేం తీసేశారు, ఎందుకు తీసేశారు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు పాఠాన్ని ఒక నిమిషం చూసి వదిలేస్తారు, ఆ పేజీ మీద మాత్రం అరగంట అడుగుతారు. "తీసేసినవి" అన్న చోట ఒక్క లైనే ఉంటే ఇంకో పూట కూర్చోండి, ఇంకా తీసెయ్యాల్సింది ఉన్నట్టే.