రెండేండ్ల పిలగాని కోపానికి కూడ టైం టేబుల్ ఉంటది

నా ఎడమ మోచేతి కింద నాలుగు పండ్ల గాట్లున్నయి. మా మనుమడు పెట్టినవి. అప్పుడు వానికి రెండేండ్ల మూడు నెలలు. హన్మకొండ పబ్లిక్ గార్డెన్ల జారుడుబండ మీదికెల్లి వాన్ని ఎత్తుకొని ఇంటికి బయలుదేరిన, అంతె, కొరికిండు. కింద పడి పొర్లిండు. చెప్పు తీసి ఇసిరిండు. చుట్టూ జనం జమైండ్రు. "గారాబం ఎక్కువైంది పెద్దాయినా, రెండు తగిలియ్యి" అన్నడొకాయిన.

నేను ఆర్టీసీల కండక్టర్ చేసి రిటైరైన. భూపాలపల్లి, ఏటూరునాగారం రూట్లల్ల 30 ఏండ్లు తిరిగిన. "అమ్మా, జర ఆ పిల్లను ఊకోబెట్టు" అని ఎంతమంది తల్లులతోని అన్ననో లెక్క లేదు. నేనట్ల అనంగనె ఆ తల్లి ముఖం చిన్నబోయేది, పిల్లకు వీపుల ఒకటి పడేది. ఆ దెబ్బ పిల్లకోసం కొట్టింది కాదు, బస్సుల కూసున్నోళ్ళ కోసం కొట్టింది. బిడ్డ నౌకరికి పోయి, మనుమన్ని చూసుకునే పని నా మీద, మా ఇంటామె మీద పడ్డంక గాని నాకది సమజు కాలె.

గార్డెన్ల లొల్లి అయిన రోజు రాత్రి ఒక పాత నోట్‌బుక్ తీసిన. కండక్టర్‌కు ఎస్ఆర్ (ట్రిప్పుల టికెట్ల లెక్క కాయితం) రాసే అలవాటు చచ్చేదాక పోదు. నాలుగు గడులు గీసిన: టైం ఎంత, అంతకుముందు ఏమైంది, వాడేం చేసిండు, మేమేం చేసినం. పది రోజులు ఒక్కటి ఇడవకుండ రాసిన. మీరు ఇంకేం చెయ్యకున్న సరె, ముందుగాల ఇది చెయ్యుండ్రి. "ఎప్పుడూ ఏడుస్తనే ఉంటడు" అని మనం అనుకుంటం గని, రాసి చూస్తె ఎప్పుడూ కాదు.

మావాడు పది రోజులల్ల 23 సార్లు మొండికేసిండు. సగం కంటె ఎక్కువ పగటిపూట 11.30కు, ఒంటిగంటకు నడుమ. అంటే బువ్వకు ముందు, నిద్రకు ముందు. కొన్ని సాయంత్రం 6.30 దాటినంక, తల్లి ఇంటికి రాంగనె. మిగిలినయి ఆడుకుంటుంటె నడుమల లేపినప్పుడు. మూడు రూట్లు, అంతె.

మొదటి రూటు బాగుచేసుడు అల్కగనె అయింది. ఒంటిగంటకు పెట్టే పప్పు బువ్వ 11.15కు పెట్టినం, 12.30కల్లా పండబెట్టినం. రాత్రి మాతోని పాటు టీవీ ముంగట 11 దాక ఉండెటోడు, దాన్ని 9 చేసినం. ఏడాది, రెండేండ్ల వయసు పిల్లలకు పగటి నిద్ర కలుపుకొని 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేండ్లోళ్ళకు 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019ల చెప్పింది. మావాడు తొమ్మిది గంటలు కూడ పంటలేడు. వాన్నేమని తిట్టాలె? తిట్టాల్సింది మమ్ముల.

సాయంత్రం ముచ్చట మా బిడ్డకు బాధయ్యేది. "మీ దగ్గర మంచిగుంటడు, నన్ను చూడంగనె గిట్ల చేస్తడేంది బాపూ" అని ఏడ్చింది కూడ. పొద్దంతా బిగబట్టుకున్నది పిల్లలు తమకు బాగా దగ్గరున్నోళ్ళ ముందటనె ఇడుస్తరు. అందుకని ఇప్పుడు ఇంట్ల అడుగుపెట్టంగనె బ్యాగు పక్కకు పడేసి, ఫోన్ చూడకుండ, పది నిమిషాలు వానితోని కింద కూసుంటది. చాయ తర్వాతనె.

"కావాలనే చేస్తున్నడు" అంటరు చాలామంది. రెండేండ్లోనికి కోరిక బారెడు, మాట మూరెడు. ఆ వయసుకు చాలామందికి ఒక 50 మాటలు వస్తయి, రెండు మాటలు కలిపి అంటరు. కోపాన్ని పట్టి ఆపే మెదడు ముందు భాగం పూర్తిగ తయారయ్యేసరికి మనిషికి 20 ఏండ్లు దాటుతయి. ఏడాదిన్నర నుంచి మూడేండ్ల దాక ఈ లొల్లి ఎక్కువుంటది, నాలుగు దాటినంక మెల్లగ తగ్గుతది.

ఇగ లొల్లి మొదలైనంక ఏం చెయ్యాలె? తక్కువ చెయ్యాలె. నేను వాని పక్కన కింద కూసుంట. తల తగిలే గోడ, చెంబు, రాయి ఉంటె జరుపుత. "కోపమొచ్చింది. నేనిక్కడనె ఉన్న" అని ఒక్కసారి అంట. ఆ టైంల నీతులు చెప్తె చెవికెక్కవు. కొట్టడానికి చెయ్యి లేపితె ఆ చెయ్యి మెల్లగ పట్టుకొని "కొట్టనియ్య" అంట, అంతె. నవ్వొద్దు, వీడియో తియ్యొద్దు. బూచోడొస్తడు, పోలీసోళ్ళకు పట్టిస్త అని బెదిరియ్యొద్దు. ఐనవోలు జాతరల బుగ్గ (బెలూన్) కోసం పొర్లినప్పుడు నేను జనం దిక్కు చూడలె, ఎత్తుకొని గుడి ఎనక చెట్టు కిందికి తీసుకపోయి కూసున్న. నిజంగ 5 నిమిషాలే పట్టింది. నాకు గంట లెక్క అనిపించింది.

ఇక్కడ మా ఇంటామెకు నాకు పెద్ద పంచాది అయింది. వాడు ఫోన్ కోసం ఏడుస్తుంటె పాపం ఆమె పది నిమిషాలు ఓర్సుకొని, తర్వాత ఇచ్చేసేది. నేనన్న: "ఇస్తె మొదటనె ఇయ్యి, లేకుంటె అసలే ఇయ్యకు. ఇప్పుడు వానికి చార్జీ ఎంతో తెలిసింది, పది నిమిషాల ఏడుపు. రేపు పదకొండు కడుతడు." ఇయ్యకుండ ఆపిన మొదటి నాలుగు రోజులు లొల్లి తగ్గలె, ఇంక పెరిగింది. ఆ నాలుగు రోజులల్లనె ఎవరైనా ఓడిపోతరు. ఇంట్ల అందరిది ఒకటే మాట లేకపోతె మొదలే పెట్టకుండ్రి.

నడుమల లేపితె వచ్చే కోపానికి నా కండక్టర్ భాష పనికొచ్చింది. "ఇంకా రెండుసార్లు జారు, తర్వాత రైట్ రైట్" అని ముందే చెప్త. రెండోసారి జారంగనె వాడే "లైట్ లైట్" అనుకుంట వస్తడు. అన్ని రోజులు కాదు గని, చాలా రోజులు. చొక్కా తొడిగేకాడ "ఎర్రదా, పచ్చదా?" అని అడుగుత. "చొక్కా వేసుకుంటవా?" అని అడిగితె "వద్దు" అనే వస్తది.

కొరుకుడు, గిచ్చుడు వేరే ముచ్చట. దగ్గర్ల ఉన్న ఒక ప్లే స్కూలోళ్ళు రెండు వారాలకే వాన్ని పంపొద్దన్నరు, ఇంకో పిల్లను కొరికిండని. "మల్ల నువ్వు కొరికి చూపియ్యి, నొప్పి తెలుస్తది" అన్నది పక్కింటి పెద్దమ్మ. చెయ్యొద్దు. పెద్దోళ్ళు కూడ కొరుకుతరని తెలుస్తది, అంతె. ముందుగాల కొరికిచ్చుకున్న పిల్లను దగ్గరికి తీసుకోవాలె. సబ్బు నీళ్ళతోని కడగాలె, తోలు తెగితె డాక్టర్‌కు చూపియ్యాలె. తర్వాత మనోనితోని "కొరుకుడు లేదు, నొప్పి అయితది" అని చిన్నగ, గట్టిగ. 23 నుంచి 33 నెలల నడుమ వెనక దవడ పండ్లు వస్తయి, చిగుర్లు సలుపుతయి. చల్లటి తడిబట్ట నమలనిస్తె జర నయం.

అసలు మందు మాట. ఎవడన్న బొమ్మ గుంజుకుంటె కొరకుడు కాకుండ ఏం చెయ్యాలెనో నేర్పాలె గద! నేను అరచెయ్యి అడ్డం పెట్టి, బస్సు ఆపనీకి కండక్టర్ అన్నట్టు "హోల్డాన్" అనుడు నేర్పిన. మంచిగున్నప్పుడు, ఆటలెక్క, రోజు పది సార్లు. మూడు వారాలకు పక్కింటి పోరడు కారు బొమ్మ గుంజంగనె మావాడు చెయ్యి చాపి "ఓల్దా!" అని అరిచిండు. ఆ పోరడు భయపడి ఇచ్చేసిండు. నేను ఎత్తుకొని తిప్పిన.

డాక్టర్ దగ్గరికి పోవాల్సినయి కొన్ని ఉంటయి. గుక్కపట్టి ఏడ్చి నీలం రంగుకొస్తె పక్కకు తిప్పి పండబెట్టాలె, నోట్లె నీళ్ళు పొయ్యొద్దు, చెంచా పెట్టొద్దు. మామూలుగ నిమిషంల తేరుకుంటరు, తేరుకోకుంటె 108కు ఫోన్ చెయ్యాలె. తేరుకున్నా మొదటిసారి తప్పకుండ చూపియ్యాలె. రక్తంల ఐరన్ తక్కువుంటె కూడ ఇట్లయితది. ఎప్పుడు లొల్లి అయినా 25 నిమిషాలు దాటుతున్నదా, తల గోడకు కొట్టుకొని దెబ్బలు తాకిచ్చుకుంటున్నడా, రెండేండ్లు దాటినా రెండు మాటలు కలపడా, పేరు పెట్టి పిలిస్తె తిరగడా, వచ్చిన మాటలు పోయినయా, అప్పుడు "పెద్దయితె పోతది" అని కూసోవద్దు. చెవులు పరీక్ష చేయించాలె. అంగన్వాడీకి పరీక్షలకు వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యానికి సర్కారు పెట్టిన పథకం) డాక్టర్లకు చెప్తె పైసలు లేకుండ జిల్లాల ఇసొంటి పిల్లలను చూసే కేంద్రానికి రాసి పంపుతరు.

నోట్‌బుక్ ఇంకా గోడకు మొలకు వేలాడుతున్నది. ఇప్పుడు వారానికి రెండు మూడు వరుసలే పడుతున్నయి. మొన్న మంగళవారం రాసింది ఇది: "12.40. చెంబు ఇసిరిండు. బువ్వ లేటు. నేను పేపర్ చదువుకుంట కూసున్న."