గేమ్ సీన్లన్నీ ఒకే చేతి బొమ్మల్లా ఉండాలంటే
వరంగల్ కోట తోరణం ఒక వారం గీశాను, భద్రకాళి చెరువు ఇంకో నెలలో. పక్కపక్కన పెడితే రెండు వేరే గేముల్లా ఉన్నాయి! ఇప్పుడు 12 రంగుల పాలెట్ ఒకటి చేసుకుని, ప్రతి సీన్ ఫైల్‌లో పై మూలన విడి లేయర్‌గా పెట్టుకుంటున్నా. నీడకి నలుపు వాడను, అన్నిచోట్లా ఒకే ముదురు ఊదా, మల్టిప్లై మోడ్‌లో (కింది రంగుని ముదురు చేసే లేయర్ సెట్టింగ్). కాన్వాస్ సైజు, గీత మందం కూడా మార్చను. చేర్యాల పటాలు (గుడ్డ మీద కథ గీసే పొడవాటి చుట్టలు) చూడండి, కథ ఎంత పొడవున్నా వెనక ఎరుపే కదా. సీన్ పూర్తయ్యాక అన్నిటినీ బొటనవేలంత చేసి వరుసగా పేర్చి చూస్తే తేడా కొట్టేది వెంటనే దొరుకుతుంది. నాకు చెరువు నీళ్లే మూడుసార్లు దొరికాయి.