మ్యాచ్ రోజు టెర్రస్ మీద సలాడ్, పెరుగు చట్నీ పెడుతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

మొన్న ఆదివారం మా వెనక అపార్ట్‌మెంట్ వాళ్ళు టెర్రస్ మీద స్క్రీన్ కట్టి మధ్యాహ్నం మూడున్నర మ్యాచ్ చూశారు, రాత్రికల్లా నాలుగు ఫ్లాట్లలో వాంతులు, మోషన్స్. అందరూ చికెన్ సిక్స్టీఫైవ్‌నే తిట్టారు గానీ చికెన్ ముట్టని పెద్దావిడకీ అదే పరిస్థితి, ఆవిడ తిన్నది కీరా పెరుగు చట్నీ, మొలకల సలాడ్, అంతే.

కూరగాయలు కడగండి, చేతులు కడగండి అని నేను చెప్పక్కర్లేదు. చెప్పేది ఒక్కటే: పొద్దున్నే కోసి, ఉప్పు నిమ్మకాయ కలిపి, మూత పెట్టి తీసుకెళ్ళకండి. అక్కడే కోయండి, అక్కడే కలపండి.

ఎందుకంటే

కీరాకి తొక్క ఉన్నంతసేపు లోపలికి ఏదీ అంత ఈజీగా పోదు. కోశాక తడి బయటపడుతుంది, ఉప్పు పడితే ఇంకా నీళ్ళూరతాయి, మూత పెట్టిన డబ్బాలో ఆ తడి వెచ్చబడితే క్రిములకి పండగే. 5 నుంచి 60 డిగ్రీల మధ్యే అవి బాగా పెరిగేది. కోసిన కూరగాయ, వండిన వంట ఏదైనా బయట మామూలుగా 2 గంటలే, ఎండ 32 డిగ్రీలు దాటితే 1 గంటే. మన దగ్గర ఏప్రిల్, మేలో 40 దాటుతుంది, ఇక కారు డిక్కీ సంగతి మీరే ఆలోచించుకోండి. నిమ్మకాయ పిండాం కదా ఏం కాదులే అంటారు, ఆ కాస్త పులుపు సరిపోదండి. వాసన బాగుంది, రుచి బాగుంది అన్నా నమ్మొద్దు, చాలాసార్లు తేడా అసలు తెలీదు.

ఏం పట్టుకెళ్ళాలి

కీరా, క్యారెట్, క్యాప్సికం ఇంట్లో కడిగి, పొడిగా తుడిచి, కోయకుండానే. పచ్చి మామిడికాయ, ఉప్పూ కారం విడిగా. మక్క కంకులు అయితే అక్కడే బొగ్గుల మీద కాల్చుకోండి, నా లెక్కలో మ్యాచ్‌కి దీన్ని మించిన ఐటమ్ లేదు. శనగ గుడాలు, బొబ్బర్ల గుడాలు బాగుంటాయి, కాకపోతే పొగలు కక్కుతున్నప్పుడే హాట్‌ప్యాక్‌లో పెట్టి వేడిగానే తినేయాలి, గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంచితే జిగురొచ్చి పాడైపోతాయి. కొబ్బరి, ఉల్లిగడ్డ, కొత్తిమీర వడ్డించే ముందే వేయండి.

మొలకలు పచ్చివి వద్దు. మొలకెత్తాలంటే తడి, వెచ్చదనం కావాలి, క్రిములకీ అవే కావాలి, పైపైన కడిగితే పోవు. ఆవిరి మీద బాగా ఉడికించండి, గర్భిణులకీ పిల్లలకీ పెద్దవాళ్ళకీ అయితే పచ్చివి అసలు పెట్టొద్దు.

ఇక మిగిలినవి వరసగా చెప్తా

పెరుగు థర్మాకోల్ డబ్బాలో, చుట్టూ ఫ్రీజర్‌లో గడ్డ కట్టించిన నీళ్ళ బాటిళ్ళు. కీరా, ఉల్లిగడ్డ అందులో తినే టైమ్‌కే కలపాలి, ముందు కాదు.

చికెన్ కోసిన చాకు, పీట సలాడ్‌కి వాడొద్దు. కడిగేశాం అంటారు, ఏ నీళ్ళతో కడిగారో చూడండి, సలాడ్‌కి వేరేది తెచ్చుకోండి.

మయోనైజ్ డిప్ వద్దు. మోమోస్ తిన్న గొడవ తర్వాత 2024 అక్టోబర్ 30న మన తెలంగాణలో పచ్చి గుడ్డు మయోనైజ్‌ని ఏడాది పాటు బ్యాన్ చేశారు, అది ఊరికే చేయలేదు.

చేపల బండి ఐస్ సలాడ్‌లో వేయొద్దు.

పెద్ద గిన్నె ఒకేసారి బయట పెట్టొద్దు, కొంచెం కొంచెం తీయండి.

ఇన్నింగ్స్ బ్రేక్‌కి మిగిలిన సలాడ్ పారేయండి. ఫ్రిజ్‌లో పెట్టి రేపు తినొద్దు, పనిమనిషికి అసలే ఇవ్వొద్దు.

వేడి చేస్తే సరిపోతుంది అనొద్దు, కొన్ని క్రిములు వదిలిన విషం వేడికి పోదు.

హోటల్ నుంచి వచ్చిన పెరుగు చట్నీ ప్యాకెట్లు రెండో ఇన్నింగ్స్ దాకా టేబుల్ మీద దాచొద్దు.

ముందే కోయక తప్పదా? అయితే ఉప్పు వేయకుండా, పొడిగా, ఫ్రిజ్ నుంచి నేరుగా ఐస్ డబ్బాలోకి. డిక్కీలోకి కాదు. మళ్ళీ చెప్తున్నా, డిక్కీలోకి కాదు. కలపడం అక్కడే.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇంట్లో ఉంచండి, ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళు అంటే అన్నే కలపండి. పిల్లలకి మోషన్స్ ఆగే టాబ్లెట్ మీరే వేయొద్దు. మోషన్‌లో రక్తం పడినా, పిల్లాడు మూత్రం పోయకుండా మగతగా ఉన్నా పొద్దున చూద్దాంలే అనొద్దు, అప్పుడే 108కి చేయండి.