పిల్లల మనసు, మెదడు మీద రాసిన పేపర్ తిరిగొస్తోందా? లక్షణం, కారణం, పరిష్కారం

వికాస మనోవిజ్ఞానంలో గానీ కాగ్నిటివ్ న్యూరోసైన్స్‌లో గానీ భాష బాగాలేదన్న ఒక్క కారణంతో పేపర్ తిరిగిరావడం తక్కువ. చాలాసార్లు ముడి ఒకచోటే పడుతుంది: ల్యాబ్ తలుపు దాటి వచ్చిన ప్రతి బిడ్డకూ చివరి పట్టికలో లెక్క తేలదు. ఎవరు ఏడ్చారు, ఎవరు కదిలారు, ఎవరి డేటా తీసేశారు, ఆ నిర్ణయం ఎప్పుడు తీసుకున్నారు అన్నది కనబడకపోతే రివ్యూయర్‌కు అనుమానం పుడుతుంది. ఆ అనుమానం ఒక్కోసారి ఒక్కో మాటలో బయటికొస్తుంది. ఆ మాటల వారీగానే చూద్దాం.

సమస్య: రివ్యూకే పంపకుండా "మా పరిధిలోకి రాదు" అని ఎడిటర్ తిప్పి పంపారు

కారణం: పిల్లలను కొలిచారు గానీ ఎదుగుదల గురించి ప్రశ్న వేయలేదు. ఐదేళ్ల పిల్లలు ఒక పనిని ఎలా చేశారో చెప్పినంత మాత్రాన అది వికాస పరిశోధన అయిపోదు. వయసుతో ఏం మారుతోంది, దేనివల్ల మారుతోంది, ఆ వయసునే ఎందుకు ఎంచుకున్నారు అనే మూడూ అబ్‌స్ట్రాక్ట్‌లోనే కనబడాలి.

పరిష్కారం: "నాలుగేళ్ల పిల్లల్లో నియమం మార్చుకునే సామర్థ్యాన్ని పరిశీలించాం" అన్న వాక్యం తీసేయండి. దాని బదులు ఇలా రాయండి: "కార్డులను రంగును బట్టి వేరుచేయడం అలవాటైన మూడేళ్ల పిల్లలు, ఇప్పుడు ఆకారాన్ని బట్టి వేరుచేయమన్నా పాత నియమాన్నే పట్టుకుంటారు. కాస్త పెద్దయ్యాక మారగలుగుతారు. ఈ మార్పు కొత్త నియమాన్ని గుర్తుంచుకోగలగడం వల్లా, పాత స్పందనను ఆపుకోగలగడం వల్లా అన్నది ఈ ప్రయోగం తేలుస్తుంది." ఇప్పుడు ఎడిటర్ చేతికి ఒక ప్రశ్న అందింది.

జర్నల్ ఎంపిక కూడా ఇక్కడే చూసుకోవాలి. శిశువుల ప్రవర్తన మీద పనికి 'ఇన్‌ఫన్సీ', పిల్లలతో చేసిన ప్రయోగాలకు 'జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ చైల్డ్ సైకాలజీ', మెదడు కొలతలున్న పనికి 'డెవలప్‌మెంటల్ కాగ్నిటివ్ న్యూరోసైన్స్', సిద్ధాంతపరంగా విస్తృతమైన వాదన ఉంటే 'డెవలప్‌మెంటల్ సైన్స్' లేదా 'చైల్డ్ డెవలప్‌మెంట్' సరిపోతాయి. మీరు ఉదహరించిన పేపర్లలో ఒక్కటి కూడా ఆ జర్నల్‌లో వచ్చింది కాకపోతే మరోసారి ఆలోచించండి.

సమస్య: "శాంపిల్ చాలా చిన్నది"

"ఇంతకుముందు పేపర్లు కూడా పదహారు, ఇరవై మంది శిశువులతోనే వచ్చాయి" అని జవాబు రాయాలనిపిస్తుంది. రాయకండి. అసలు జబ్బు అదే. చిన్న శాంపిల్‌తో చేసిన అధ్యయనాల్లో ప్రభావం పెద్దగా కనబడినవే ఎక్కువగా అచ్చవుతాయి. కాబట్టి అచ్చయిన సంఖ్యలు నిజానికన్నా పెద్దవిగా ఉంటాయి. వాటిని నమ్మి శాంపిల్ లెక్క కడితే మీ శాంపిల్ కూడా చిన్నదే అవుతుంది.

దీనికి మంచి ఉదాహరణ మెనీబేబీస్ (శిశు పరిశోధన చేసే ల్యాబ్‌ల అంతర్జాతీయ కూటమి) బృందం చేసిన మొదటి ప్రాజెక్టు. పసిపిల్లలతో మాట్లాడే ఆ సాగదీసిన, పాటలాంటి మాటతీరును శిశువులు ఎంత ఇష్టపడతారో 67 ల్యాబ్‌లలో 2,329 మంది శిశువులతో కొలిచారు. 2020లో ఫలితం అచ్చయింది. ప్రభావం ఉంది, కానీ పరిమాణం (సగటుల తేడాను ప్రామాణిక విచలనంతో భాగిస్తే వచ్చే అంకె) సుమారు 0.35. అంతకుముందు పాత అధ్యయనాలన్నీ కలిపి చేసిన మెటా అనాలిసిస్‌లో వచ్చిన అంకె దాదాపు దీనికి రెట్టింపు.

ఆ తేడా చేతి లెక్కలో ఎలా పడుతుందో చూడండి. ఒకే బిడ్డకు రెండు షరతులూ (ప్రయోగంలో పోల్చే రెండు రకాల పరిస్థితులు) చూపించి పోలుస్తున్నారనుకుందాం. 80 శాతం పవర్ (ప్రభావం నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం), 0.05 స్థాయి, రెండు వైపుల పరీక్ష. ప్రభావం 0.7 అనుకుంటే 19 మంది చాలు. 0.35 అనుకుంటే సుమారు 67 మంది కావాలి. రెండు వేర్వేరు గుంపులను పోల్చేట్టయితే ఒక్కో గుంపులో 130 మంది దాకా. జీపవర్ సాఫ్ట్‌వేర్‌లో రెండు నిమిషాల్లో ఈ అంకెలు వస్తాయి. మిక్స్‌డ్ మోడల్ (ఒకే బిడ్డ నుంచి వచ్చిన పలు కొలతలను కలిపి చూసే గణాంక నమూనా) వాడేవాళ్లు మాత్రం ఆర్ (R) అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో సిమ్యులేషన్ చేసి చూసుకోవాలి. దాని మీద ఇంకో లెక్క: శిశువుల్లో 40 శాతం డేటా వాడుకోలేని స్థితిలో పోతుందని మీ పైలట్ (ముందు చేసిన చిన్న ప్రయోగం) చెబితే, 67 మంది మిగలాలంటే 112 మందిని పిలవాలి.

డేటా ఇప్పటికే సేకరించేశారా? అయితే వచ్చిన ఫలితంలోని ప్రభావ పరిమాణంతోనే పవర్ లెక్కగట్టి చూపించకండి. అది పి విలువనే (ప్రభావం లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం) వేరే రూపంలో మళ్లీ చెప్పడం. "ఈ శాంపిల్‌తో 80 శాతం పవర్‌తో పట్టుకోగల అతి చిన్న ప్రభావం ఎంత" అన్నది రాయండి. పై డిజైన్‌లో 24 మంది ఉంటే అది సుమారు 0.6. అంతకంటే చిన్న ప్రభావాలను పట్టుకునే శక్తి ఈ అధ్యయనానికి లేదని నేరుగా ఒప్పుకోండి. ఈ ఒప్పుకోలు వల్ల పేపర్‌కు నష్టం కంటే మేలే ఎక్కువ.

తర్వాతి ప్రాజెక్టు ఇంకా మొదలుపెట్టనివాళ్లు రిజిస్టర్డ్ రిపోర్ట్ గురించి తప్పక ఆలోచించాలి. 2013లో 'కార్టెక్స్' జర్నల్ మొదలుపెట్టిన ఈ పద్ధతిలో పరిచయం, పద్ధతి, విశ్లేషణ ప్రణాళిక డేటాకు ముందే రివ్యూకి వెళ్తాయి. అవి ఆమోదం పొందితే, ప్రణాళికను పాటించినంత వరకు ఫలితం ఎటు వచ్చినా ప్రచురిస్తామని జర్నల్ మాట ఇస్తుంది. పిల్లలను పిలిపించడానికి నెలలు పట్టే మన రంగానికి ఇది నిజంగా సరిపడే పద్ధతి. శాంపిల్ చాలదన్న మాట మొదటి బిడ్డ రాకముందే వినబడుతుంది, అప్పటికి సరిదిద్దుకునే వీలుంటుంది.

సమస్య: "చాలామంది పిల్లల డేటా తీసేశారు, ఎందుకో స్పష్టంగా లేదు"

కారణం దాదాపు ఎప్పుడూ ఈ వాక్యమే: "చిరాకు పడటం తదితర కారణాల వల్ల కొందరిని విశ్లేషణ నుంచి మినహాయించాం." ఆ "తదితర" అన్న మాటలో ఏమైనా దాగొచ్చు.

పరిష్కారం: అంకెలు కూడితే సరిపోయేలా రాయండి. నమూనాకు: "112 మంది శిశువులు వచ్చారు. 37 వారాలకు ముందే పుట్టారని తర్వాత తెలిసినవారు 9 మంది. పరీక్ష ట్రయల్స్ పూర్తికాకముందే ఏడ్చి ఆపేసినవారు 21 మంది. తల్లి లేదా తండ్రి మధ్యలో స్క్రీన్ వైపు చూపించినందువల్ల తీసేసినవారు 8 మంది. పరికరం లోపం వల్ల పోయినవారు 7 మంది. విశ్లేషణలో 67 మంది." అంతటితో ఆగకూడదు. ఏడ్చిన 21 మందిలో 18 మంది ఒకే షరతులో ఉంటే, మిగిలినవారి ఫలితం శిశువులందరి గురించీ కాదు, ఓపిక ఉన్న శిశువుల గురించి మాత్రమే. కాబట్టి తీసేసినవారి వయసు, షరతు, లింగం వారీ విభజన కూడా పట్టికలో పెట్టండి.

చూపు సమయాన్ని వీడియో చూసి కోడ్ చేసిన అధ్యయనాలకు మరో రెండు విషయాలు కావాలి. కోడర్‌కు బిడ్డ ఏ షరతులో ఉన్నదీ తెలియకూడదు. కనీసం నాలుగో వంతు వీడియోలను రెండో వ్యక్తి విడిగా కోడ్ చేసి, ఇద్దరి కోడింగ్ ఎంత మేరకు కలిసిందో అంకెలో చెప్పాలి. చూపు సమయాలు సాధారణంగా కుడివైపు తోక సాగిన పంపిణీలో ఉంటాయి కాబట్టి లాగ్‌లోకి మార్చి విశ్లేషించడం మంచిది. అయితే ఆ నిర్ణయం ఫలితం చూడకముందే జరగాలి.

ఎవరిని తీసేయాలన్న నియమాలను డేటాకు ముందే రిజిస్టర్ చేయలేదంటే? కఠిన నియమంతో ఒకసారి, సడలించిన నియమంతో ఒకసారి విశ్లేషించి రెండూ పక్కపక్కన పెట్టండి. ఫలితం రెండింట్లో నిలబడితే రివ్యూయర్ ప్రశ్న అక్కడే ఆగిపోతుంది. ఒకదాంట్లోనే నిలబడితే మీ ముగింపు ఆ మేరకు తగ్గాలి.

సమస్య: "వయసు తేడా కాదు, ఇది తల కదలిక"

ఎఫ్‌ఎమ్ఆర్‌ఐలో (మెదడు పనితీరును రక్తప్రవాహ మార్పులను బట్టి కొలిచే స్కాన్) ఇది ప్రాణం మీదికి తెచ్చే అభ్యంతరం. 2012లో మూడు వేర్వేరు బృందాలు విడివిడిగా ఒకే విషయం చూపాయి: తల కొద్దిగా కదిలినా, దూరంగా ఉన్న మెదడు ప్రాంతాల మధ్య సంబంధం తక్కువగానూ, దగ్గరి ప్రాంతాల మధ్య ఎక్కువగానూ కనబడుతుంది. చిన్నపిల్లలు పెద్దవాళ్లకన్నా ఎక్కువ కదులుతారు. "చిన్నప్పుడు దగ్గరి కనెక్షన్లు బలంగా ఉంటాయి, పెరిగేకొద్దీ దూరపు కనెక్షన్లు బలపడతాయి" అన్న ఆకర్షణీయమైన కథలో కొంత భాగం కదలిక సృష్టించిందేనని అలా తేలింది.

పరిష్కారం మెట్లు మెట్లుగా ఉంటుంది. స్కాన్‌కు ముందు నకిలీ స్కానర్‌లో అభ్యాసం చేయించారా, ఎంతసేపు చేయించారో రాయండి. ప్రతి ఫ్రేముకూ కదలిక కొలిచి, విశ్రాంతి స్థితి స్కాన్లకు 0.2 మిల్లీమీటర్ల కఠిన పరిమితి పెట్టారా, 0.5 లాంటి సడలించిన పరిమితి పెట్టారా, ఆ ఎంపిక ఎందుకో చెప్పండి. ఫ్రేములు తీసేశాక ఒక్కో బిడ్డకు ఎన్ని నిమిషాల డేటా మిగిలిందో వయసు గుంపుల వారీగా పట్టికలో పెట్టండి. చిన్నవాళ్లకు నాలుగు నిమిషాలు, పెద్దవాళ్లకు పన్నెండు నిమిషాలు మిగిలితే ఆ తేడాయే ఒక కొత్త సమస్య.

సగటు కదలికను కోవేరియేట్‌గా (లెక్కలో సర్దుబాటు కోసం చేర్చే అదనపు చలరాశిగా) పెట్టి చేతులు దులుపుకోకండి. కదలికా వయసూ గట్టిగా ముడిపడి ఉన్నప్పుడు కోవేరియేట్ నిజమైన వయసు ప్రభావాన్ని కూడా లాగేసుకోగలదు. కదలిక సమానంగా ఉన్న పిల్లలను మాత్రమే రెండు వయసు గుంపుల నుంచీ ఎంచి, ఆ చిన్న గుంపులో అదే విశ్లేషణ మళ్లీ చేయండి. అక్కడా తేడా నిలబడితే మీ వాదనకు అంతకన్నా గట్టి ఆధారం ఉండదు.

ఇదే పేపర్‌లో క్లస్టర్ (పక్కపక్కన ఉన్న వోక్సెళ్ల గుంపు; వోక్సెల్ అంటే స్కాన్‌లోని అతి చిన్న ఘనం) పరిమితినీ సరిచూసుకోండి. వోక్సెల్ స్థాయిలో పి విలువ పరిమితి 0.01 పెట్టి క్లస్టర్ పరిమాణంతో సరిదిద్దితే తప్పుడు పాజిటివ్‌లు అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ వస్తాయని 2016లో తేలింది. 0.001తో మొదలుపెట్టండి, లేదా పర్ముటేషన్ పద్ధతి (డేటా లేబుళ్లను యాదృచ్ఛికంగా మార్చి పోల్చడం) వాడండి. శిశువుల మెదడును పెద్దవాళ్ల టెంప్లేట్ (ప్రామాణిక మెదడు నమూనా) మీదికి సాగదీసి ఉంటే, వయసుకు తగిన టెంప్లేట్‌తో మళ్లీ చేయక తప్పదు.

సమస్య: "ఏడేళ్లవారిలో ఉంది, ఐదేళ్లవారిలో లేదు అంటున్నారు, ఆ తేడాను పరీక్షించలేదు"

ఏడేళ్లవారిలో పి విలువ 0.03, ఐదేళ్లవారిలో 0.09 వచ్చిందనుకోండి. దీన్నిబట్టి ఈ సామర్థ్యం ఐదు నుంచి ఏడేళ్ల మధ్య పుడుతోందని రాయకూడదు. రెండు గుంపుల్లోని ప్రభావాలూ దాదాపు ఒకటే అయ్యుండొచ్చు. 2011లో న్యూరోసైన్స్ పేపర్లను జల్లెడ పట్టినప్పుడు, ఈ పొరపాటుకు అవకాశమున్న 157 పేపర్లలో దాదాపు సగం సరిగ్గా ఇదే తప్పు చేశాయి. వయసు, షరతు కలిసిన ఇంటరాక్షన్‌ను (షరతు ప్రభావం వయసుతో మారుతోందా అన్నది) నేరుగా పరీక్షించి దాని విశ్వాస అంతరం ఇవ్వండి. వయసును రోజుల్లో కొలిచి ఉంటే గుంపులుగా కోయకుండా అలాగే వాడండి, పవర్ కూడా పెరుగుతుంది. పెద్ద పిల్లలు 95 శాతం సరిగ్గా చెప్పేస్తుంటే వాళ్లకు పెరగడానికి చోటే లేదు. అప్పుడు వచ్చే ఇంటరాక్షన్ కొలబద్ద వల్ల వచ్చింది కావచ్చు. తప్పు-ఒప్పు డేటాకు లాజిస్టిక్ మిక్స్‌డ్ మోడల్ వాడండి.

సమస్య: ఈఆర్‌పీ విండో, ఎలక్ట్రోడ్ల ఎంపిక మీద అభ్యంతరం

ఈఆర్‌పీ అంటే ఏదైనా చూపినప్పుడో వినిపించినప్పుడో తల మీది ఎలక్ట్రోడ్లు పట్టే మెదడు తరంగం; విండో అంటే దాన్ని కొలిచే కాల వ్యవధి. తరంగాలు చూసి, తేడా కనబడినచోటే విండో గీసి, అదే డేటాలో ఆ విండోను పరీక్షిస్తే అది వలయం. పాత అధ్యయనాల నుంచి విండో తీసుకోండి, లేదా షరతులన్నీ కలిపేసిన సగటు తరంగం మీద ఎంచుకోండి, లేదా క్లస్టర్ పర్ముటేషన్‌కు వెళ్లండి. పెద్దవాళ్ల విండోను మాత్రం శిశువులకు అంటించకండి, వాళ్లలో చాలా తరంగాలు ఆలస్యంగా వస్తాయి. ఒక్కో షరతులో ఒక్కో బిడ్డకు ఎన్ని ట్రయల్స్ మిగిలాయో సగటు, కనిష్ఠం, గరిష్ఠం తప్పనిసరి.

సమస్య: తేడా రాలేదు, "ఏమీ తేలలేదు" అన్నారు

పి విలువ 0.05 దాటడం ప్రభావం లేదనడానికి రుజువు కాదు. పట్టించుకోదగ్గ అతి చిన్న ప్రభావాన్ని ముందు నిర్ణయించి ఈక్వివలెన్స్ పరీక్ష (ప్రభావం అంతకన్నా చిన్నదేనా అని చూసేది) చేయండి, లేదా బేస్ ఫ్యాక్టర్ (ప్రభావం ఉందన్న, లేదన్న వాదనల్లో డేటా దేన్ని ఎంత సమర్థిస్తోందో చెప్పే అంకె) ఇవ్వండి. పిల్లలకు పని అర్థమైందని చూపే కంట్రోల్ ట్రయల్స్ లేకపోతే ఈ రెండూ కాపాడవు.

సమస్య: డేటా పంచమన్నారు, అందులో పిల్లల ముఖాలున్నాయి

మెదడు స్కాన్లలో ముఖభాగాన్ని చెరిపేసి, ఫైళ్లను బిడ్స్ (మెదడు డేటా ఫైళ్లను సర్దే పద్ధతి) ప్రమాణంలో సర్దండి. కోడ్ చేసిన అంకెలు ఓఎస్‌ఎఫ్‌లో (ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్ అనే ఉచిత వెబ్‌సైట్) పెట్టండి. వీడియోలకు, అనుమతి పొందిన పరిశోధకులకే అందుబాటిచ్చే డేటాబ్రరీ ఉంది. అయితే తల్లిదండ్రుల సమ్మతి పత్రంలో పంచుకోవడం గురించి మాట లేకపోతే ఏదీ కుదరదు. ఆ వాక్యం మొదటి బిడ్డ రాకముందే పత్రంలో ఉండాలి. పుట్టినతేదీ, పరీక్ష తేదీ తీసేసి వయసును రోజుల్లో ఉంచండి.

సమస్య: ఇద్దరు రివ్యూయర్లు ఎదురుబొదురు మాటలు చెప్పారు

ఒకరు విశ్లేషణ పెంచమన్నారు, ఇంకొకరు తగ్గించమన్నారు. ఇద్దరినీ సంతోషపెట్టబోతే పేపర్ చెడుతుంది. ఒక దారి ఎంచుకుని, కారణాన్ని జవాబు లేఖ మొదట్లో ఎడిటర్‌కే చెప్పండి. నిర్ణయించేది ఎడిటరే. తర్వాత ప్రతి వ్యాఖ్యకూ నంబరు వేసి, వ్యాఖ్యను పూర్తిగా కాపీ చేసి, కింద జవాబు, మార్చిన వాక్యం, పేజీ, లైను నంబరు ఇవ్వండి. "మూడో వ్యాఖ్య: ఏడ్చిన పిల్లల సంగతి? జవాబు: రెండో పట్టిక చేర్చాం, 9వ పేజీ, 14వ లైను. షరతుల మధ్య తేడా కనబడలేదు" అన్నంత పొడిగా ఉంటే చాలు. ఒప్పుకోని వ్యాఖ్యకు కూడా ఒక విశ్లేషణ చేసి చూపండి. వాదనకన్నా అంకె త్వరగా పని చేస్తుంది.

సమస్య: పేపర్ అంగీకరించారు, ప్రూఫ్‌లో వయసులు మారిపోయాయి

చిన్నదే గానీ అచ్చయ్యాక దిద్దడం కష్టం. ఐదేళ్ల మూడు నెలలను 5;3 అని రాస్తాం. టైప్‌సెట్టింగ్‌లో అది 5.3 అయిపోతుంటుంది. 5.3 ఏళ్లంటే ఐదేళ్ల మూడున్నర నెలల పైమాటే. ప్రూఫ్ చేతికి రాగానే ముందు వయసులన్నీ, తర్వాత మైనస్ గుర్తులు, ఆ తర్వాత పట్టికల్లో శాంపిల్ సంఖ్యలు మూల ఫైలుతో ఒక్కొక్కటే పోల్చండి. సామాన్యంగా రెండు మూడు రోజులే గడువిస్తారు కాబట్టి ఈ పనికి సహరచయితల్లో ఒకరిని ముందే పెట్టుకోండి.