గిటార్ ఒళ్లోకి తీసుకునే ముందు

- తీగలు నొక్కే చేతి గోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి. కాస్త పెరిగినా వేలికొస ఆనదు, తీగ గరగరలాడుతుంది.

- శ్రుతి చూడందే మొదలుపెట్టొద్దు. లావు తీగ నుంచి వరసగా ఇ, ఎ, డి, జి, బి, ఇ (E, A, D, G, B, E) స్వరాలు పలకాలి. తీగను బిగించే బిరడా మెల్లగా తిప్పండి, ముఖం తీగలకు దూరంగా ఉంచండి. తిప్పుతున్నా స్వరం మారడం లేదా? ఆగండి. అది పక్క తీగ బిరడా అయి ఉంటుంది. కొత్తవాళ్ల చేతిలో సన్న తీగ తెగేది ఎక్కువగా ఇలాగే.

- వేలు ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) మీద కాదు, దానికి ఆనుకుని వెనకవైపు, అంటే బిరడాలున్న వైపు పెట్టండి.

- వేలికొసల మంట మామూలే, కొన్ని వారాల్లో చర్మం గట్టిపడుతుంది. మొదట్లో 15 నిమిషాలు చాలు. మణికట్టు నొప్పి, తిమ్మిరి మాత్రం మామూలు కాదు, వెంటనే ఆపేయండి.

- ఎండలో ఆగిన కారులో గిటార్ వదలొద్దు, వేడికి జిగురు ఊడుతుంది.