రెండో పేజీ నొక్కితే 404 వస్తోందా?

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల కోసం జెకిల్‌తో (మామూలు టెక్స్ట్ ఫైళ్ల నుంచి సైటు తయారుచేసే టూల్) చిన్న సైటు కట్టాను. ఉగాది నుంచి బతుకమ్మ దాకా ఫొటోలు, కబుర్లు కలిపి 63 పోస్టులయ్యాయి. పేజీకి 10 చొప్పున 7 పేజీలు రావాలి, కానీ "పాతవి" నొక్కితే 404, అంటే పేజీ దొరకలేదన్న ఎర్రర్. పిల్లల ఫొటోలు కనబడట్లేదని పైఫ్లోర్ అత్తయ్యగారు రోజూ అడుగుతుంటే టెన్షన్ పట్టుకుంది.

మీకూ ఇలాగే ఉంటే టెంప్లేట్ జోలికి వెళ్లకండి. ముందు బిల్డ్ అయ్యాక తయారైన ఫోల్డర్ తెరిచి పేజ్2 అనే ఫోల్డర్ ఉందో లేదో చూడండి. సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

ఫోల్డరే లేకపోతే పేజీలు తయారే కాలేదన్నమాట. నా సమస్య ఇదే. జెకిల్ 3 నుంచి జెకిల్-పేజినేట్‌ను (పోస్టుల్ని పేజీలుగా విడగొట్టే ప్లగిన్) జెమ్‌ఫైల్‌లోనూ (సైటుకు కావాల్సిన ప్యాకేజీల జాబితా), కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైలు)లో ప్లగిన్స్ కిందా మనమే రాయాలి. అది రాసినా నాకు రాలేదు, ఎందుకంటే నా ఇండెక్స్ మార్క్‌డౌన్ ఫైలు, ఆ ప్లగిన్‌కు కావాల్సింది ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎమ్ఎల్. టెర్మినల్‌లో ఆ మాటే పసుపు రంగులో ఒక లైను వస్తూనే ఉంది, రెండు సాయంత్రాలు నేను దాన్ని చదవకుండా దాటేశాను. పేరు మార్చగానే 7 పేజీలూ వచ్చాయి. ఆ ఫైలు పైభాగంలో పర్మాలింక్ (పేజీకి మనమే ఇచ్చే అడ్రస్) ఉంటే అదీ తీసేయండి, దానివల్ల కూడా పేజినేషన్ ఆగిపోతుంది. కాన్ఫిగ్ మార్చినప్పుడల్లా సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెట్టాలి, లేకపోతే కొత్త మార్పు అందదు.

ఫోల్డర్ ఉండి, ప్రతి పేజీలో అన్ని పోస్టులూ వస్తుంటే, పోస్టుల్ని ఒక్కొక్కటిగా చూపించే లూప్‌లో సైట్ డాట్ పోస్ట్స్ అని ఉండి ఉంటుంది. పేజినేటర్ డాట్ పోస్ట్స్ అని మార్చండి.

ల్యాప్‌టాప్‌లో బాగుండి, హోస్ట్ చేశాక 404 వస్తుంటే ఇది చూడండి. సైటు డొమైన్ కింద సబ్‌ఫోల్డర్‌లో ఉంటే లింకులో బేస్‌యూఆర్ఎల్ (ఆ సబ్‌ఫోల్డర్ దారి) రావట్లేదన్నమాట. తర్వాతి పేజీ లింకుకు రిలేటివ్ యూఆర్ఎల్ ఫిల్టర్ తగిలించండి. బేస్‌యూఆర్ఎల్ చేత్తో మాత్రం రాయకండి, రేపు డొమైన్ మారితే ప్రతి లింకూ వెతుక్కోవాలి.

ట్యాగుల వారీగా పేజీలు కావాలంటే జెకిల్-పేజినేట్‌తో అవ్వదు. జెకిల్ లాంటిదే మరో టూల్ హ్యూగోలో అవుతుంది, కానీ అక్కడొక చిక్కుంది: ఒక పేజీలో పేజినేటర్‌ను మొదటిసారి ఎలా పిలిస్తే ఆ జాబితానే కడదాకా నిలుస్తుంది. హెడర్‌లో ఎక్కడో మామూలుగా పిలిచేసి, కింద ఫిల్టర్ పెట్టి మళ్లీ పిలిస్తే ఆ ఫిల్టర్ పనిచెయ్యదు. పైనున్న పిలుపు తీసేస్తే సరిపోతుంది.